రెండు గంటల రీడింగు

ఇరవై రెండేండ్లు
అచ్చంపేట అవుతల ఈ సబ్‌స్టేషన్‌ల
నా రాత్రిని ముక్కలు కోసింది కాఫీయే.
పన్నెండుకు ఒక గ్లాసు, రెండింటికి ఒక గ్లాసు,
నడిమిట్ల లాగ్‌బుక్కు.

మా దిక్కు అందరూ చాయ్ మనుషులు.
కాఫీని నాకు అంటించింది
ఏడనుంచో బదిలీ మీద వచ్చిన ఏఈ సారు.
పోవుకుంట తన ఇత్తడి ఫిల్టరు నా టేబుల్ మీద పెట్టి
"ఇది ఉంటే నిద్ర నీ జోలికి రాదు, పర్వతాలూ" అన్నడు.
నిజమే, రాలే.
డ్యూటీ లేని రాత్రుల్ల కూడ రాలే.

మొన్న పాలమూరుల డాక్టరమ్మ
ఈసీజీ కాయితాన్ని ట్యూబ్‌లైటు దిక్కు ఎత్తి పట్టుకున్నది.
అసొంటి గీతలు నాకు చదువ వస్తది,
ఫీడరు మీద లోడు పడ్డప్పుడు సూది గట్లనే ఎగురుతది.
"రోజుకు ఎన్ని?" అన్నది.
లోపల ఆరు అనుకొని, బయటికి మూడు చెప్పిన.
ఆమె మూడు విని
చిట్టీ మీద సున్నా రాసింది.

మొదటి రోజు తలకాయల ట్రాన్స్‌ఫార్మరు మోగింది.
రెండో రోజు అనసూయ గాజులు ఎక్కువ చప్పుడు చేస్తున్నయని
ఆమెతోని కొట్లాట పెట్టుకున్న.
మూడో రోజు కంట్రోల్ రూంల
ఖాళీ గ్లాసు పట్టుకొని కూసున్న,
చేతికి ఇంకేం చెయ్యాల్నో తెల్వక.

తర్వాత మొదలైనయి బదులు సరుకులు.
ధనియాల కషాయం తాగితే
జరమొచ్చినోని ఇంట్లకు పోయినట్టు ఉన్నది.
బార్లీ నీళ్లు, ఎవరో పేషెంటుకు తీసిపెట్టినయి
నేను దొంగతనంగ తాగినట్టు.
పట్నం నుంచి తెప్పించిన డబ్బా ఒకటి, కెఫీన్ తీసేసిన కాఫీ:
ఫ్యూజు పీకేసిన బోర్డు అది,
స్విచ్చు టక్కుమంటది, బల్బు వెలగది.
తంగేడు పువ్వు మరిగించి ఇచ్చింది అనసూయ.
మంచిగనే ఉన్నది గని,
బతుకమ్మల పేర్చే పువ్వు నా గ్లాసుల తేలుతుంటే
మూతి పెట్ట మనసు రాలే.

ఆఖరికి మా పెద్దమ్మ
బల్మూరు బస్సు దిగి, సంగతంత విని, నవ్వింది.
పెంక మీద పచ్చజొన్నలు పోసి
"ఇగ చాలు పెద్దమ్మా, మాడుతున్నయి" అని నేను మొత్తుకున్నంక కూడ
ఇంకింత సేపు వేయించింది.
విసుర్రాయి తిప్పింది. చిటికెడు సొంఠి, బెల్లం ముక్క.
నల్లగ, చిక్కగ, ఇల్లంత వాసన.
"కరువు ఏండ్ల ఇదే తాగినం బిడ్డా,
అప్పుడు దీని పేరేందని ఎవరూ అడగలే" అన్నది.

ఫ్లాస్కు నింపుకొని డ్యూటీకి పోయిన.
లైన్‌మన్ గౌస్ ఒక గుటక మింగి, జర సేపు ఆలోచించి
"అన్నా, ఇది కాఫీకి మేనబావ అయితది.
మొకం కలుస్తది, గుణం కలువది" అన్నడు.
అని రెండో గ్లాసు వంపుకున్నడు.

రాత్రి రెండయితది.
చేన్లల్ల ఆటో స్టార్టర్లు ఒకదానెనుక ఒకటి లేస్తయి,
ఎవరూ లేపకుండనే.
సూది ఎగురుతది.
చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని చూస్త:
లోపలి సూది ఉన్నకాడనే ఉన్నది.

నిన్నటి లాగ్‌బుక్కుల రెండు గంటల గడి కాడ
అంకె సగమే ఉన్నది.
మిగిలింది పెన్ను జారిన గీత,
కాయితం అంచు దాక వంకర లేకుండ పోయింది.
గౌస్ లేపకపోతే తెల్లారేదేమో.
ఇరవై రెండేండ్ల బాకీల
మొదటి కిస్తు అది.

ఫిల్టరు పారెయ్యలే.
అల్మారీల మూత తీసి పెట్టిన.
అప్పుడప్పుడు ముక్కు దగ్గరికి తెచ్చుకుంట.
డాక్టరమ్మ
వాసన గురించి ఏం రాయలే.